రెండు హెచ్‌డీఎంఐ పోర్టులున్న డాక్ కొంటున్నారా? బిల్లు కట్టేముందు ఇది చూడండి

హన్మకొండ, కాజీపేట, వరంగల్‌లో ఇంటి నుంచి పనిచేస్తూ ల్యాప్‌టాప్‌కు రెండు మానిటర్లు పెట్టుకోవాలనుకునే వాళ్ల కోసం రాస్తున్నాను. డాక్‌కు (అంటే ల్యాప్‌టాప్‌కు తగిలించి మానిటర్లు, ఇతర పరికరాలు కలుపుకునే చిన్న పెట్టెకు) రెండు హెచ్‌డీఎంఐ పోర్టులు (మానిటర్ కేబుల్ పెట్టే చోట్లు) ఉన్నంత మాత్రాన రెండు మానిటర్లలో రెండు వేర్వేరు స్క్రీన్లు రావు. షాపుల్లో మాత్రం వస్తాయని చెప్పి అమ్ముతున్నారు.

నాకు ఆఫీసు వాళ్లిచ్చింది మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం1. హన్మకొండలో ఒక షాపుకు ఆ ల్యాప్‌టాప్ పట్టుకునే వెళ్లి, ఒక మానిటర్‌లో కోడ్, ఇంకోదాంట్లో మీటింగ్ ఉండాలని విడమరిచి చెప్పాను. "పక్కా వస్తది అన్నా, ఈ డాక్ పెడితే మొత్తం మూడు స్క్రీన్లు" అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. చూపించమంటే ఒక్క మానిటర్‌కే కలిపి చూపించాడు. రెండో మానిటర్ సీల్ విప్పితే వాపసు ఉండదన్నాడు.

ఇంట్లో బిగించాక రెండింటిలోనూ ఒకటే బొమ్మ. ఎడమవైపు ఫైల్ తెరిస్తే కుడివైపూ అదే తెరుచుకుంటోంది, మౌస్ బాణం రెండు చోట్లా ఒకేసారి కదులుతోంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో చూస్తే బయటి మానిటర్ ఒక్కటే ఉన్నట్టు చూపిస్తోంది.

కారణం సెట్టింగ్స్‌లో లేదు. ఎం1, ఎం2 చిప్‌లున్న మ్యాక్‌బుక్ ఎయిర్‌లు బయట ఒక్క మానిటర్‌నే నడుపుతాయి. 2024లో వచ్చిన ఎం3 ఎయిర్ రెండింటిని నడుపుతుంది గానీ ల్యాప్‌టాప్ మూత మూసి ఉండాలి. మూత తెరిచి ఉన్నా రెండు రావడం 2025 నాటి ఎం4 ఎయిర్‌తోనే మొదలైంది. పైగా చాలా డాక్‌లు వాడే ఎంఎస్‌టీ పద్ధతిలో (ఒకే కేబుల్ మీద రెండు స్క్రీన్ల బొమ్మలు పంపే పద్ధతి) విండోస్ రెండు స్క్రీన్లను విడివిడిగా ఇస్తుంది, మ్యాక్ ఇవ్వదు. అందుకే ఒకే డాక్ మీ ఫ్రెండ్ విండోస్ ల్యాప్‌టాప్‌తో చక్కగా పనిచేసి, మీ దగ్గర మొండికేస్తుంది.

పాత ఎయిర్‌లకు దారి లేకపోలేదు, డిస్‌ప్లేలింక్ చిప్ (స్క్రీన్ బొమ్మను మామూలు యూఎస్‌బీ డేటాగా మార్చి పంపేది) ఉన్న డాక్ కావాలి. అది డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) వేస్తేనే నడుస్తుంది, మ్యాక్‌లో స్క్రీన్ రికార్డింగ్ పర్మిషన్ కూడా అడుగుతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మీ ఐటీ వాళ్లు ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే ఆ డబ్బులూ వృథా.

విండోస్ వాళ్లు కూడా నిశ్చింతగా ఉండకండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో టైప్-సీ పోర్టు ఛార్జింగ్‌కు, డేటాకు మాత్రమే, వీడియో అసలు రాదు. మీ మోడల్ స్పెసిఫికేషన్‌లో ఆ పోర్టుకు డిస్‌ప్లేపోర్ట్ సపోర్ట్ ఉందని రాసి ఉండాలి. హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ అయితే ఏ ల్యాప్‌టాప్‌కు పెట్టినా ఒకే బొమ్మను రెండుగా పంచుతుంది, అంతకు మించి చేయదు.

నా డాక్ అట్ట మీద పెద్దక్షరాలతో "4కే" అని ఉంది. పక్కన సన్నగా 30 హెర్ట్జ్, అంటే బొమ్మ సెకనుకు 30 సార్లే మారుతుంది. 4కే మానిటర్‌కు ఆ వేగంలో మౌస్ ఆగి ఆగి కదులుతుంది, రోజంతా చూస్తే కళ్లు లాగేస్తాయి. 60 హెర్ట్జ్ ఉందో లేదో అడిగి తీసుకోండి.

వెనక్కి ఇద్దామని వెళ్తే "మీ ల్యాప్‌టాప్ ప్రాబ్లం" అన్నారు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు కింద వేసిన ముద్ర చూపించారు. పైన రాసిందేమో "యూఎస్‌బీ హబ్ – 1" అని, మోడల్ నంబర్ కూడా లేదు. ఆ ముద్రకు భయపడొద్దు. ఒక వస్తువు ఏ పనికి వస్తుందో తప్పుగా చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపారమే. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు లేకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోకపోవడమూ అంతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే ఫిర్యాదు తీసుకుంటారు, నేను పెట్టాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా, 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు.

కొనేవాళ్లు మీ ల్యాప్‌టాప్‌తో రెండు మానిటర్లూ షాపులోనే కలిపించి, ఒకదాంట్లో వీడియో, రెండోదాంట్లో ఫైల్ పెట్టి చూడండి. డాక్ మోడల్ నంబర్, "రెండు వేర్వేరు స్క్రీన్లు వస్తాయి" అనే మాట బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి వెనకాడితే అక్కడ కొనకండి.