పికప్ ఏసీకి "గ్యాస్ కొట్టిస్తే అయిపోతది" అంటే డబ్బులు తీయకండి

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల వైపు పికప్‌లు నడిపేవాళ్లు, ఈ ఎండల్లో సెకండ్ హ్యాండ్ బండి బేరం చేస్తున్నవాళ్లు ఇది చదివి షాపుకు పోండి. ఏసీ చల్లగా రావట్లేదంటే చాలు, బానెట్ ఎత్తకముందే "గ్యాస్ తక్కువున్నదన్నా, కొట్టిస్తే అయిపోతది" అంటారు. పావుగంటలో ఎక్కించి, పైపు పట్టి చూడమంటారు. పైపుకు చెమట పట్టి ఉంటుంది, రెండు వేలు ఇచ్చి వస్తారు. పదిహేను రోజులకు మళ్లీ వేడిగాలి, మళ్లీ అదే మాట. మూడోసారికో నాలుగోసారికో కంప్రెసర్ తిరగకుండా పట్టేస్తుంది.

ఏసీ గ్యాస్ డీజిల్ లాగా కాలి అయిపోయేది కాదు. గ్యాస్‌ను నొక్కే కంప్రెసర్, వేడిని బయటికి వదిలే కండెన్సర్, తేమ పీల్చే డ్రయర్ బాటిల్, ప్రెషర్ తగ్గించే ఎక్స్‌పాన్షన్ వాల్వ్, క్యాబిన్ గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్, మళ్లీ కంప్రెసర్: ఉన్నదే తిరుగుతుంది. ఏళ్ల మీద సీళ్ల దగ్గర కొంచెం పోవచ్చు. ఒక్క ఎండాకాలంలో ఖాళీ అయిందంటే ఎక్కడో లీకున్నట్టే. కంప్రెసర్‌కు కావాల్సిన ఆయిల్ కూడా ఆ గ్యాస్‌తోనే తిరుగుతుంది. గ్యాస్ తగ్గితే ఆయిల్ వెనక్కి రాదు, లోపల లోహం లోహానికి రాసుకుంటుంది. లీకు వదిలేసి గ్యాస్ నింపుకుంటూ పోతే కంప్రెసర్ పోయేది ఇందుకే.

లీకు చాలాసార్లు కంటికే దొరుకుతుంది. టార్చి వేసి పైపుల జాయింట్లు చూడండి. మిగతా చోట దుమ్ము పొడిగా ఉండి, ఒక్క చోట నల్లగా, జిడ్డుగా పేరుకుంటే అక్కడ గ్యాస్‌తో పాటు ఆయిల్ బయటికి వచ్చింది. రబ్బరు పైపును అల్యూమినియం ముక్కకు నొక్కిన చోట, చాసిస్‌కు పైపు రాసుకునే చోట, కండెన్సర్ కింది అంచున, కంప్రెసర్ ముందు భాగంలో మ్యాగ్నెట్ (ఏసీ వేయగానే అంటుకుని కంప్రెసర్‌ను తిప్పే క్లచ్) వెనక తప్పకుండా చూడాలి. గ్యాస్ ఎక్కించే పిన్ వాల్వ్ మూత తీసి ఒక చుక్క సబ్బునీళ్లు వేయండి. బుడగ లేస్తే చిన్న పిన్ మారిస్తే పోయే రోగం అది. కూలింగ్ కాయిల్ లీకైతే డ్యాష్‌బోర్డు విప్పాలి, ఖర్చు పెద్దది. అందుకే దాని పేరు చెప్పినవాణ్ని ఎట్లా తెలిసిందో అడగండి. బ్లోయర్ గాల్లో గానీ నీళ్లు కారే పైపు దగ్గర గానీ లీక్ డిటెక్టర్ పెట్టి చూపించాలి, ఊరికే అంటే నమ్మొద్దు.

కంటికి దొరకకపోతే నైట్రోజన్ పట్టించాలి. 150 నుంచి 200 పీఎస్ఐ వరకు నింపి, అన్ని జాయింట్లకూ సబ్బు నురగ పూసి, అరగంట ప్రెషర్ గేజ్ ముల్లు కదలకుండా ఉందో చూస్తారు. మామూలు ఎయిర్ కంప్రెసర్ గాలి కొట్టనివ్వొద్దు, దాంతో లోపలికి తేమ పోతుంది.

లీకు సరిచేశాక పని ఇట్లా జరగాలి. డ్రయర్ కొత్తది. విప్పిన ప్రతి జాయింట్‌కు కొత్త ఓ రింగ్, అది కూడా ఏసీకి పనికొచ్చేదే, నల్లా వాషర్ కాదు. తర్వాత వాక్యూమ్ పంపు కనీసం అరగంట, వానాకాలమైతే ఇంకో పావుగంట. గేజ్ ముల్లు సున్నా కింద 28–29 ఇంచుల దగ్గరికి రావాలి. పంపు ఆపాక పది నిమిషాలు అక్కడే నిలవాలి, పైకి లేస్తే లీకు ఇంకా ఉన్నట్టు. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో పది నిమిషాలు లాగి "అయిపోయింది" అనేవాళ్లున్నారు. లోపల మిగిలిన తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచు కడుతుంది. ఇరవై నిమిషాలు చల్లగా వచ్చి ఆగిపోవడం, కాసేపు బంద్ చేసి వేస్తే మళ్లీ రావడం దాని లక్షణం.

గ్యాస్‌ను తూకం వేసే ఎక్కించాలి. ఎంత పట్టాలో బానెట్ కింద స్టిక్కర్ మీద గ్రాముల్లో ఉంటుంది, చాలా పికప్‌లకు అర కిలోకు అటూఇటూ. సిలిండర్‌ను కాటా మీద పెట్టమనండి, ముందు ఎంత, తర్వాత ఎంత. లోపల ఎంత మిగిలిందో తెలియకుండా "టాప్ అప్" చేస్తే లెక్క ఉండదు. ఎక్కువైతే ఇంకా చల్లగా అవుతుందనుకోవడం తప్పు, హై ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు గేజ్ పెట్టి "ఇగో వంద ఉంది, ఫుల్" అంటే ఆ మాటకు అర్థం లేదు. బండి ఏసీల్లో వాడే ఆర్134ఏ గ్యాస్ లోపల కొంచెం ద్రవంగా మిగిలి ఉన్నా 30 డిగ్రీల దగ్గర 97 పీఎస్ఐ చూపిస్తుంది, నిండుగా ఉన్నా అంతే చూపిస్తుంది. ఇంజన్ నడుస్తుంటేనే చూడాలి: 35 డిగ్రీల ఎండలో లో సైడ్ (కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే వైపు) 30–45, హై సైడ్ (బయటికి పోయే వైపు) 200–250 పీఎస్ఐ దగ్గర ఉంటే బాగున్నట్టు. 40 దాటిన ఎండలో హై సైడ్ ఇంకా పైకి పోతుంది, అది సహజం.

అసలు గ్యాస్‌తో సంబంధం లేని రోగాలే మన దగ్గర ఎక్కువ. రోడ్డు మీద చల్లగా వచ్చి, మార్కెట్ యార్డు గేటు దగ్గర లైన్లో నిలబడగానే వేడెక్కితే కండెన్సర్‌నూ ఫ్యాన్‌నూ అనుమానించండి. పత్తి సీజన్లో జిన్నింగు మిల్లుకు, మిర్యాలగూడలో రైస్ మిల్లుకు తిరిగే బండ్ల కండెన్సర్ మీద దూదో, ఊక దుమ్మో దుప్పటి కప్పినట్టు పడుతుంది. దీనికి ఖర్చు లేని పరీక్ష ఉంది. బండి ఐడిల్‌లో ఉంచి, ఏసీ వేసి, ముందు జాలీలోంచి కండెన్సర్ మీద మెల్లగా రెండు మగ్గుల నీళ్లు పోయండి. నిమిషంలో గాలి చల్లబడితే గ్యాస్ బాగానే ఉంది, గాలి ఆడకే ఈ ఇబ్బంది. కడిగేటప్పుడు వాటర్ సర్వీసింగు గన్ దగ్గర పెట్టి కొట్టనివ్వొద్దు, రెక్కలు వంగిపోతాయి.

మ్యాగ్నెట్ టక్‌మని అంటుకోకపోతే ముందు ఫ్యూజు, రిలే, తర్వాత మ్యాగ్నెట్ కాయిల్. 12 వోల్టుల కాయిల్‌కు మీటర్ 3–4 ఓములు చూపాలి. గ్యాస్ పూర్తిగా పోయినా లో ప్రెషర్ స్విచ్ మ్యాగ్నెట్‌ను ఆపేస్తుంది, కాబట్టి గేజ్ పెట్టాకే తేల్చాలి. ఐదారు సెకన్లకోసారి టక్ టక్ అంటుంటే గ్యాస్ తక్కువ. పైపు చల్లగా ఉన్నా క్యాబిన్లోకి వెచ్చటి గాలి వస్తే హీటర్ కాక్ (హీటర్‌కు ఇంజన్ వేడినీళ్లు పోనిచ్చే వాల్వ్) చూడండి.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు పొద్దున పూట చూడొద్దు. మధ్యాహ్నం రెండింటికి పోండి. మీరు పోకముందే ఏసీ నడుస్తుంటే ఆపించి, అరగంట ఆగండి. తర్వాత పావుగంట ఐడిల్, అద్దాలు ఎత్తి, లోపలి గాలి తిరిగేలా పెట్టి, వెంట్‌లో చిన్న డిజిటల్ థర్మామీటర్ పెట్టండి. 15 డిగ్రీల లోపు వస్తే పరవాలేదు. పిన్ వాల్వ్ మూతల మీద కొత్త గీతలు, చుట్టూ తాజా ఆయిల్ ఉంటే బేరం కోసమే నిన్నో మొన్నో గ్యాస్ ఎక్కించినట్టు.

లేబుల్ లేని డబ్బా గ్యాస్ వద్దంటే వద్దు. చవకగా వచ్చే వాటిలో వంటగ్యాస్ రకం కలిసి ఉండొచ్చు, కూలింగ్ కాయిల్ లీకైతే అది క్యాబిన్లోకి వచ్చి అంటుకోవచ్చు. నకిలీ ఆర్134ఏలో మిథైల్ క్లోరైడ్ కలిపినది ఇంకా ప్రమాదం. అది అల్యూమినియంతో కలిసి గాలి తగిలితేనే మండే పదార్థం తయారుచేస్తుంది. లీకును మూసే సీలెంట్ డబ్బా కూడా వేయించొద్దు, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుపోవచ్చు.

కంప్రెసర్ పట్టేసి ఉంటే ఒక్క కంప్రెసర్ మార్చి పంపిస్తామంటే ఒప్పుకోకండి. పాతదాని లోహపు పొడి పైపుల్లో ఉంటుంది. పైపులు ఫ్లష్ చేసి, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, సన్న గొట్టాల కండెన్సర్ మూడూ మార్చాలి. ఆ కండెన్సర్ ఫ్లష్‌తో శుభ్రం కాదు. "కొత్తది" అని వెండిరంగు కొట్టిన రీకండిషన్ ముక్క ఇస్తారు, సీరియల్ నంబరు స్టిక్కర్ చూసి బిల్లులో రాయించండి.

ఏసీ లేని బండికి కిట్టు అమ్మేవాళ్లు "ప్రభుత్వం కంపల్సరీ చేసింది" అంటే నమ్మకండి. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే వాహనాలకు వచ్చిన ఆ క్యాబిన్ ఏసీ నిబంధన ఎన్2, ఎన్3 తరగతి లారీలది, అంటే మొత్తం బరువు 3.5 టన్నులు దాటేవాటిది. మొత్తం బరువు 3.5 టన్నుల లోపు ఉండే పికప్‌కు అది వర్తించదు, మీ పాత బండికి అసలే కాదు.