మాలాటాంగ్ భోజనం: చాలాకాలం తిన్నాక నా సమీక్ష

మాలాటాంగ్ అనే చైనా కారపు సూప్ దొరికే భోజనశాలలో వంటవాడి పనిలో సగం తినేవాడే చేయాల్సి ఉంటుంది. పచ్చి కూరలు, మాంసం పేర్చిన అరల ముందు నిలబడి, పట్టకారుతో కావలసినవన్నీ పెద్ద గిన్నెలోకి ఏరుకుని, తూకం వేయించి, కారం ఎంత కావాలో చెప్పి, టోకెన్ తీసుకుని కూర్చుంటే, కాసేపటికి అవన్నీ నూడుల్స్‌తో కలిసి ఎర్రటి సూప్‌లో ఉడికి బల్ల మీదికి వస్తాయి. చాలాకాలంగా ఇలాంటి చోట్ల తింటూ వస్తున్న నాకు తోచేదేమిటంటే, ఆ పూట భోజనం బాగుంటుందా లేదా అన్నది వంటగదిలో కంటే అరల దగ్గరే ఎక్కువగా తేలిపోతుంది.

ఈ వంటకం పుట్టినిల్లు చైనాలోని సిచువాన్ ప్రాంతం. నదీతీరాల్లో పడవల మీద పనిచేసేవారు చలికి తట్టుకోవడానికి దొరికిన ఆకూ అలమూ కారపు నీళ్లలో ఉడికించుకుని తినేవారని చెబుతారు. ఇప్పుడు అనేక దేశాల్లో కనిపించే తూకం పద్ధతిని, తాగడానికి కూడా వీలైన తేలికపాటి సూప్‌ను విస్తరింపజేసినవి మాత్రం ఈశాన్య చైనాలోని హార్బిన్‌లో మొదలైన యాంగ్ గువోఫు వంటి సంస్థలు. 2024లో గాన్సు ప్రాంతంలోని తియాన్‌షుయి నగరపు మాలాటాంగ్ వీడియోలు విపరీతంగా ప్రచారమై, దాని కోసమే జనం అక్కడికి తరలివెళ్లారు. అది సూప్ తక్కువగా, మిరప నూనె దట్టంగా ఉండే వేరే రకం.

మిరపకారానికి అలవాటుపడ్డవారు సైతం ఇక్కడ తడబడేది కారం వల్ల కాదు, సిచువాన్ మిరియం వల్ల. పేరుకు మిరియమే అయినా ఇది నిమ్మ, నారింజల కుటుంబానికి చెందినది. ఇందులోని శాన్‌షూల్ అనే పదార్థం పెదవుల మీద, నాలుక కొసన సన్నని జలదరింపు పుట్టిస్తుంది. ఆ జలదరింపు సెకనుకు దాదాపు 50 సార్లు కదిలే కంపనంలా అనిపిస్తుందని 2013లో లండన్ పరిశోధకులు ప్రచురించారు. మంట వేరు, ఈ తిమ్మిరి వేరు. కొన్ని దుకాణాల్లో రెండింటినీ విడివిడిగా అడగవచ్చు. నా మట్టుకు నేను కారం మధ్యరకం, తిమ్మిరి ఎక్కువ అని చెబుతాను. కారం హద్దు మీరితే గిన్నెలో వేసుకున్న పది రకాలూ ఒక్క రుచిలోనే మునిగిపోతాయి. ఆ మంటకు నీళ్లు తాగడం దండగ. మిరపలోని మంట పుట్టించే పదార్థం నీటిలో దాదాపుగా కరగదు కనుక, పాలు తాగితే ఉపశమనం కలుగుతుంది.

ఇక ఎంపిక సంగతి. గిన్నెలోని అన్నింటికీ బరువును బట్టి ఒకే ధర కట్టే చోట, బరువు ఎక్కడి నుంచి వస్తోందో గమనించుకోవాలి. కంకితో సహా కోసిన మొక్కజొన్న ముక్కలో తినలేని భాగానికి కూడా డబ్బు కడతాము. కడిగి పెట్టిన ఆకుకూరను విదిలించకుండా వేసుకుంటే నీళ్లను కొన్నట్టే. ఎండు నూడుల్స్ బిళ్ల తూకంలో తేలిక, ఉడికాక బారెడు. కానీ అది సూప్‌ను పీల్చేసి త్వరగా మెత్తబడుతుంది. ముందే నానబెట్టిన చిలగడదుంప పిండి నూడుల్స్ బరువు తూగినా చివరి దాకా సాగుతూ, జారుతూ నిలుస్తాయి. నేను వాటికే ఓటు వేస్తాను. ఎనోకి పుట్టగొడుగులు, పలచని టోఫు (సోయా పాల పనీర్) పొరలు, నల్ల చెవి పుట్టగొడుగు, రెండు మూడు తామర దుంప బిళ్లలు, కౌజు పిట్ట గుడ్లు ఉంటే చాలు. వేయించిన టోఫు ముక్కలు స్పాంజిలా సూప్‌ను దాచుకుంటాయి. బయట చల్లారినట్టే కనిపించినా కొరికిన మరుక్షణం లోపలి మరిగే రసం అంగిలిని కాలుస్తుంది, కనుక వాటిని చివరికి ఉంచుకోవడం మంచిది. ఆకుకూరల మడతల్లో పైన తేలే నూనె అంతా చేరుతుంది. అక్కడే ఒక మిరియపు గింజ కూడా నక్కి ఉంటుంది. అది పంటి కింద పడితే తర్వాతి నాలుగు ముద్దల రుచి తెలియదు.

లోపాల విషయానికి వస్తే, అన్నింటినీ ఒకేసారి మరిగే నీటిలో వేసే వంటగదుల మీద నాకు తీరని అసంతృప్తి ఉంది. ఆకు ముద్దయిపోయి, బంగాళాదుంప నడిమి భాగం పచ్చిగానే ఉన్న గిన్నెలు నా ముందుకు వచ్చాయి. మంచి చోట్ల దుంపలను ముందు, ఆకులను చివర వేస్తారు. పచ్చి మాంసానికీ ఆకుకూరలకూ ఒకే పట్టకారు తిరుగుతుంటే అక్కడ తినకుండా వచ్చేస్తాను. శాకాహారులు మరో సంగతి అడిగి తెలుసుకోవాలి: గిన్నెలో మాంసం లేకపోయినా, సూప్ తరచుగా ఎముకలు మరిగించి చేసినదే అయి ఉంటుంది, అందరి గిన్నెలూ ఒకే నీటిలో ఉడకవచ్చు. నువ్వులు, వేరుశనగ పడనివారు కూడా పైన వేసే ముద్ద ఏమిటో ముందే కనుక్కోవాలి. సూప్‌లో ఉప్పు దండిగా ఉంటుంది, అందుకే ఎంత రుచిగా ఉన్నా నేను అడుగు దాకా తాగను.

మసాలాల బల్ల దగ్గర నువ్వుల ముద్ద ఒక చెంచా, దంచిన వెల్లుల్లి, కొద్దిగా నల్ల వెనిగర్ కలుపుకుంటే కారపు అంచు మొద్దుబారి సూప్ చిక్కబడుతుంది. వెనిగర్ మొదట్లోనే పోయకుండా సగం తిన్నాక, నూనె వెగటు పుట్టించే వేళకు పోసుకుంటే దాని పని బాగా తెలుస్తుంది. ఒంటరిగా వెళ్లినా ఇబ్బందిలేని భోజనం ఇది, కాకపోతే రాత్రి దుకాణం మూసే వేళకు అరల్లో మిగిలే ఆకులు వడలిపోయి ఉంటాయి కాబట్టి, కొత్తగా పళ్లేలు నింపే మధ్యాహ్నపు తొలి గంటలోనే నేను వెళ్తుంటాను.