గ్రామ్ స్టెయిన్ స్టూడెంట్ కిట్: కొనే ముందు మూడో సీసా లేబుల్ చదవండి

తెలియని బ్యాక్టీరియా ఏదైనా చేతికొస్తే ముందుగా చేసే పరీక్షల్లో గ్రామ్ స్టెయినింగ్ ఒకటి. చివరికి ఊదాగా మిగిలితే గ్రామ్ పాజిటివ్, గులాబీగా మారితే గ్రామ్ నెగటివ్ అని బ్యాక్టీరియాను ఇది రెండుగా విడదీస్తుంది. హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ప్రచురించిన పద్ధతి ఇది. స్మియర్ (స్లయిడ్ మీద పరిచే బ్యాక్టీరియా పొర) పలుచగా వేయడం, కణకవచం నిర్మాణాన్ని రంగులో చదవడం, ఆయిల్ ఇమ్మర్షన్ లెన్స్ (స్లయిడ్ మీద నూనె చుక్క వేసి చూసే లెన్స్) వాడటం, ఈ మూడూ ఒక్క ప్రాక్టికల్‌లోనే అలవాటవుతాయి. అందుకే మైక్రోబయాలజీ మొదలుపెట్టిన విద్యార్థి సొంతంగా ఏదైనా కొనాలనుకుంటే ఈ కిట్టే మొదట కొనదగినది. అయితే లోపాలూ ఉన్నాయి, అందులో ఒకటి పెద్దదే.

పెట్టెలో 100 మి.లీ. సీసాలు నాలుగు ఉంటాయి: క్రిస్టల్ వయొలెట్ (ఊదా రంగు), గ్రామ్స్ అయొడిన్, డీకలరైజర్ (రంగు తీసేసే ద్రావణం), సాఫ్రనిన్ (గులాబీ రంగు). వాటితో పాటు చిన్న ఇమ్మర్షన్ ఆయిల్ సీసా, ఒక పేజీ సూచనల కాగితం. స్లయిడ్లు, లూప్ (బ్యాక్టీరియాను తీసే తీగ), గ్లౌజులు విడిగా కొనుక్కోవాలి. గ్లౌజులు లేకుండా మాత్రం పని మొదలుపెట్టొద్దు, క్రిస్టల్ వయొలెట్ చర్మానికి అంటితే కొన్ని రోజుల దాకా వదలదు.

రంగుల నాణ్యత బాగుంది. క్రిస్టల్ వయొలెట్‌ను అమ్మోనియం ఆక్సలేట్ కలిపిన హకర్ ఫార్ములాతో చేశారు కాబట్టి అడుగున గింజలు తొందరగా పేరుకోవు. పేరుకుంటే మాత్రం వడకట్టే వాడాలి. స్లయిడ్ మీద ఆ గింజలు ముదురు ఊదా చుక్కల్లా కనిపించి, కోకై (గుండ్రటి బ్యాక్టీరియా) అనుకుని పొరపడేలా చేస్తాయి. అయొడిన్ సీసా గోధుమరంగు గాజుది, అది మంచి పని. వెలుతురు తగిలినా, మూత వదులుగా ఉన్నా అయొడిన్ బలం తగ్గిపోతుంది. ద్రావణం పాలిపోయి పసుపు రంగుకు వస్తే ఆ సీసాను పక్కన పెట్టేయండి. క్రిస్టల్ వయొలెట్‌తో కలిసి పెద్ద సమ్మేళనంగా మారి దాన్ని కణంలో నిలబెట్టేది అయొడినే. అది బలహీనపడితే గ్రామ్ పాజిటివ్ కణాలు కూడా రంగు వదిలేస్తాయి.

అసలు చిక్కు మూడో సీసాతో. గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా కణకవచంలోని పెప్టిడోగ్లైకాన్ పొర మందం సుమారు 20 నుంచి 80 నానోమీటర్లు. ఆల్కహాల్ తగలగానే ఆ పొరలో నీరు పోయి, రంధ్రాలు ముడుచుకుని, రంగు సమ్మేళనం లోపలే చిక్కుకుంటుంది. గ్రామ్ నెగటివ్‌లో ఆ పొర చాలా పలుచన, పైగా బయటి పొరలోని కొవ్వును ఆల్కహాల్ కరిగిస్తుంది, దాంతో రంగు కారిపోతుంది. ఈ తేడా కొన్ని క్షణాలే నిలుస్తుంది. ఇంకాసేపు పోస్తే గ్రామ్ పాజిటివ్ కూడా రంగు వదిలేసి, సాఫ్రనిన్ పట్టి గులాబీ రంగులో కనిపిస్తుంది. తొందరగా ఆపేస్తే గ్రామ్ నెగటివ్ ఊదాగానే మిగిలిపోతుంది.

సూచనల కాగితంలో మాత్రం ‘30 సెకన్లు డీకలరైజ్ చేయండి’ అని ఒకే ఒక్క వాక్యం ఉంది. సీసాలో ఉన్నది అసిటోన్-ఆల్కహాల్ మిశ్రమం. 95 శాతం ఇథనాల్ అయితే పలుచని స్మియర్‌కు 10 నుంచి 20 సెకన్లు పట్టొచ్చు, అసిటోన్ కలిస్తే కొద్ది సెకన్లలోనే పని అయిపోతుంది. 30 సెకన్లు నమ్ముకుంటే గ్రామ్ పాజిటివ్ అయిన స్టెఫిలోకోకస్ కూడా గులాబీగా తేలుతుంది, విద్యార్థి దాన్ని నెగటివ్ అని రికార్డులో రాసేస్తాడు. గడియారం చూడకండి. స్లయిడ్‌ను ఏటవాలుగా పట్టుకుని పైఅంచు నుంచి చుక్కలు చుక్కలుగా వదలండి. కిందికి జారే ద్రవంలో ఊదా రంగు కనిపించకుండా పోగానే నీటితో కడిగేయండి. చేయి కుదిరేదాకా 95 శాతం ఇథనాల్ విడిగా తెచ్చుకుని వాడటం మేలు. అది నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి చిన్న పొరపాటుకు ఫలితం తారుమారు కాదు. ఏది వాడినా మంటకు దూరంగా ఉంచాలి, బర్నర్ ఆర్పేశాకే ఈ సీసా మూత తీయాలి.

మిగతా సమయాలు కాగితంలో సరిగానే ఉన్నాయి: క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, అయొడిన్ ఒక నిమిషం, సాఫ్రనిన్ 30 నుంచి 60 సెకన్లు, మధ్యమధ్య సన్నని నీటి ధార. స్మియర్ గురించి మాత్రం ఏమీ చెప్పలేదు. అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి పదార్థం) మీది కాలనీ (బ్యాక్టీరియా గుంపు) అయితే స్లయిడ్‌పై ఒక చిన్న నీటి చుక్క వేసి, లూప్ కొసతో కాలనీని తాకి వచ్చినంత మాత్రమే కలపాలి. ఆరాక కింద పెట్టిన అచ్చు అక్షరాలు స్మియర్ గుండా చదవగలగాలి. చదవలేకపోతే మందం ఎక్కువైనట్టే, అక్కడ డీకలరైజర్ సమానంగా దిగదు. పూర్తిగా ఆరాకే మంట మీదుగా రెండు మూడు సార్లు వేగంగా పోనిచ్చి ఫిక్స్ చేయాలి, అంటే స్లయిడ్‌కు అంటుకునేలా చేయాలి. స్లయిడ్ అడుగు చేతి వెనకభాగానికి ఆనిస్తే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. ఎక్కువ వేడికి కణకవచం దెబ్బతిని పాజిటివ్ కణాలు నెగటివ్‌గా కనిపిస్తాయి.

కల్చర్ (ల్యాబ్‌లో పెంచిన బ్యాక్టీరియా) వయసు కూడా ముఖ్యమే. 18 నుంచి 24 గంటల కల్చర్ తీసుకోండి. బాసిల్లస్ లాంటి గ్రామ్ పాజిటివ్‌లు పాతబడ్డాక ఒకే స్లయిడ్‌లో ఊదా, గులాబీ రెండు రంగుల్లోనూ కనిపిస్తాయి. కల్చర్ కలుషితమైందేమో అని చాలామంది అక్కడే కంగారుపడతారు.

కిట్‌లో కంట్రోల్ స్లయిడ్ (ఫలితం ముందే తెలిసిన బ్యాక్టీరియాతో పోల్చి చూసుకునేది) ఇవ్వకపోవడం రెండో లోపం. దాన్ని మీరే సరిదిద్దుకోవచ్చు: ప్రతి స్లయిడ్‌కు ఒక చివర ఈ. కోలై (నెగటివ్), ఇంకో చివర స్టెఫిలోకోకస్ ఎపిడెర్మిడిస్ (పాజిటివ్), మధ్యలో మీ నమూనా. ల్యాబ్‌లో బోధకుల పర్యవేక్షణలోనే ఈ కల్చర్లు వాడాలి. కంట్రోళ్లు రెండూ తమ తమ రంగుల్లో వచ్చినప్పుడే మధ్యది నమ్మాలి. అనుమానం తీరకపోతే 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో కాలనీని కలిపి లూప్ పైకెత్తండి. గ్రామ్ నెగటివ్ అయితే కణాలు పగిలి డీఎన్‌ఏ బయటపడి సాధారణంగా జిగట తీగలా సాగుతుంది.

చూసేటప్పుడు ముందు 10ఎక్స్‌తో ఫోకస్ చేసి, ఆయిల్ వేశాక 100ఎక్స్‌కు తిప్పాలి. కండెన్సర్ పైకి జరిపి డయాఫ్రమ్ తెరవండి. కాంతి చాలకపోతే గులాబీ కూడా ముదిరి ఊదాలాగే అనిపిస్తుంది. ఆయిల్ ఉండగా 40ఎక్స్‌కు వెనక్కి తిప్పారంటే ఆ లెన్స్ పాడవుతుంది. ఇచ్చిన ఆయిల్‌లో బుడగలు లేవు, పని బాగానే చేస్తుంది.

మైకోబ్యాక్టీరియా కవచంలో మైనం లాంటి మైకోలిక్ ఆమ్లాలుంటాయి, ఆ బ్యాక్టీరియాకు యాసిడ్ ఫాస్ట్ స్టెయిన్ అనే వేరే పద్ధతి కావాలి. మైకోప్లాస్మాకు అసలు కణకవచమే లేదు. ఈ కిట్ ఆ రెండింటికీ పనికిరాదు, ఆ మాట పెట్టె మీద ఎక్కడా లేదు.

స్మియర్‌కు సుమారు 1 మి.లీ. చొప్పున వాడితే రంగులు వంద స్లయిడ్ల దాకా వస్తాయి. డీకలరైజర్ మాత్రం 2 మి.లీ. పైనే పోతుంది కాబట్టి సగం దారిలోనే అయిపోతుంది. నలుగురు విద్యార్థులు కలిసి ఒక కిట్ కొని, ఇథనాల్ అదనంగా పెట్టుకుంటే సెమిస్టర్‌కు సరిపోతుంది. తీసుకునే ముందు నాలుగు సీసాల మీదా గడువు తేదీ చూడండి. మూడో సీసా లేబుల్ మీద ఏం కలిపారో రాయని కిట్ అయితే వెనక్కి ఇచ్చేయండి.