తులిప్ దుంపలు ఫోటో చూసి కొనకండి, మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు మరీ జాగ్రత్త

మొక్కలంటే ప్రాణం పెట్టేవాళ్ళందరికీ చెబుతున్నా, ఫోన్లో రంగురంగుల ఫోటోలు పెట్టి పూల దుంపలు అమ్మేవాళ్ళకి ముందుగా డబ్బు కట్టకండి. నాకు 1,450 రూపాయలు పోయాయి. అంతకంటే, రెండు నెలలు పొద్దున్నే మేడెక్కి మొలక కోసం కుండీలు చూసి చూసి దిగి రావడం ఎక్కువ బాధ పెట్టింది.

మాది శ్రీకాకుళం, అరసవల్లి వైపు. నవంబరులో పది తులిప్ దుంపలు (అందులో నీలం రంగువి మూడు), ఎనిమిది డబుల్ (రేకులు వరుసలు వరుసలుగా ఉండే) అమరిల్లిస్ లిల్లీలు ఆర్డర్ పెట్టాను. మా ఊళ్ళో పూస్తాయా అని రెండుసార్లు అడిగాను, గ్యారంటీగా పూస్తాయి మేడమ్ అన్నాడు అమ్మేవాడు. తొమ్మిదో రోజు పార్శిల్ వచ్చింది. గాలాడని ప్లాస్టిక్ కవరు, లోపల తడి కొబ్బరి పొట్టు, విప్పగానే కుళ్ళిన ఉల్లిపాయ వాసన. ఒక దుంప తీసి బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. అడుగున వేర్లు వచ్చే చోటంతా నల్లబడి, పొరల మధ్య పచ్చటి బూజు పట్టి ఉంది. చీటీ లేదు, పేరు లేదు. కొంచెం బాగున్నవాటిని ఏరి పక్కన పెడితే మా అత్తయ్య ఉల్లిపాయలనుకుని వంటింటి బుట్టలో వేయబోయారు, గబుక్కున ఆపాను. ఈ దుంపలు తింటే వాంతులు, కడుపునొప్పి వస్తాయి, ఇంట్లో చిన్నపిల్లలు, కుక్కలు ఉంటే అందకుండా పెట్టండి.

ఫోటోలు పంపితే "నాటండి, వస్తాయి" అన్నాడు. రెండు వారాల తర్వాత మళ్ళీ అడిగేసరికి నంబర్ బ్లాక్ చేశాడు.

అసలు సంగతి నాకు తర్వాత తెలిసింది. తులిప్ దుంపకి పూవు రావాలంటే దాదాపు 12 నుంచి 14 వారాలు ఫ్రిజ్‌లో ఉండేంత చలి కావాలి. కాశ్మీర్‌లో శ్రీనగర్ తోటలో మార్చి ఆఖరు, ఏప్రిల్‌లో అన్ని పూస్తున్నాయంటే అక్కడి చలికాలం వల్లే. మన సముద్రపు గాలికి డిసెంబరులో కూడా అంత చలి ఎక్కడ వస్తుంది? ముందే చల్లబరిచిన దుంప తెచ్చి నాటినా ఒకసారి పూస్తే పూస్తుంది, మరుసటి ఏడు మళ్ళీ పూస్తుందని ఆశ పెట్టుకోకండి. ఇక అచ్చమైన నీలం తులిప్ లోకంలోనే లేదు, ఆ ఫోటోకి రంగు వేశారంతే.

అమరిల్లిస్ లిల్లీలు మాత్రం మన దగ్గర హాయిగా పూస్తాయి. కానీ నాకు వచ్చినవి నిమ్మకాయంత ఉన్నాయి. అంత చిన్నవి ఆ ఏడు పూయవు, ఆకులు వేసుకుంటూ ఒకటి రెండేళ్ళు పెరగాలి. పూసే దుంప కనీసం బత్తాయంత ఉండాలి, చేతిలో పట్టుకుంటే బరువు తెలియాలి, నొక్కితే గట్టిగా ఉండాలి, అడుగు భాగం పొడిగా ఉండాలి. పైపొర ఎండి ఊడుతుంటే భయం లేదు, మెత్తదనం ఉంటేనే వద్దు.

విజయనగరంలో ఉండే మా పిన్ని ఇంట్లో ఎర్ర లిల్లీ ఏళ్ళ తరబడి ప్రతి వేసవిలో పూస్తోంది. సంక్రాంతికి వెళ్తే పక్కన పుట్టిన పిలక దుంపలు మూడు తవ్వి కాగితంలో చుట్టి ఇచ్చింది. ఎర్రమట్టి, ఏటి ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, దుంప మెడ మట్టి పైకి కనిపించేలా నాటమంది. నేను కొన్నవాటిని పూర్తిగా కప్పేశాను, అది నా తప్పే. నాటిన రోజు ఒకసారి నీళ్ళు, ఆ తర్వాత మొలక కనిపించేదాకా మట్టి పొడిబారితేనే. వానాకాలంలో కుండీ అడుగున నీరు నిలిస్తే మంచి దుంప కూడా కుళ్ళిపోతుంది, రంధ్రం మూసుకుపోయిందేమో చూసుకోండి. పూలు అయిపోయాక ఆకులు కోసేయకండి, వచ్చే ఏడు పూవుకి తిండి ఆ ఆకులే.

ఆన్‌లైన్‌లోనే కొనాలనుకుంటే దుంపని చేతిలో పెట్టి వీడియో తీసి పంపమనండి, పంపనంటే వదిలేయండి. పార్శిల్ విప్పేటప్పుడు మీరూ వీడియో తీయండి. నేను తీయలేదు, అందుకే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చేసినప్పుడు చూపించడానికి పేమెంట్ స్క్రీన్‌షాట్, నాలుగు ఫోటోలే మిగిలాయి. డబ్బు తీసుకుని అసలు ఏమీ పంపకుండా మాయమైతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

నిన్న అదే నీలం తులిప్ ఫోటో ఇంకో పేరుతో మళ్ళీ కనిపించింది, ఈసారి ఇరవై దుంపలు 999 అట. మీలో ఎవరైనా ఇప్పటికే కట్టి ఉంటే వచ్చిన దుంపల ఫోటోలు ఇక్కడ పెట్టండి, బాగున్నవేవో కలిసి చూద్దాం.