సెర్కోమోనాస్‌ని చూడాలంటే చెరువు నీళ్లు మేలా, పెరటి మట్టి మేలా?

మైక్రోస్కోప్ కొన్న కొత్తలో అందరూ చెరువుకే పరిగెడతారు, నేనూ విశాఖలోని ముడసర్లోవ జలాశయం గట్టు దగ్గర సీసా నింపుకొచ్చాను. పారమీసియంలు, రోటిఫర్లు లాంటి నీటి సూక్ష్మజీవుల్ని చూడాలంటే ఆ నీళ్లే మేలు, అందులో సందేహం లేదు. కానీ నేను వెతికేది సెర్కోమోనాస్‌ని. 1841లో డుజార్డిన్ పేరు పెట్టిన ఈ ఏకకణ జీవి అమీబాలా ఒళ్లు సాగదీస్తూనే రెండు కశాభాలతో (కొరడాల్లాంటి సన్నని పోగులు) కదులుతుంది. చెరువులోనూ ఉంటుంది, కాకపోతే పెద్ద జీవుల హడావిడిలో అంత చిన్నది కంటికి ఆనదు.

మట్టి సంగతి వేరు. కొబ్బరిచెట్టు మొదట్లో ఎండి పొడైన ఎర్రమట్టి చిటికెడు తీసుకుని గాజు గిన్నెలో వేశాను, కాచి చల్లార్చిన నీళ్లు పోసి (కుళాయి నీళ్లు నేరుగా వద్దు, క్లోరిన్ ఉంటుంది) ఉడికించిన గోధుమ గింజ ఒకటి వేసి మూత పెట్టాను. గింజ మీద బాక్టీరియా పెరుగుతుంది, దాన్ని తిని ఇవి పెరుగుతాయి. ఎండకు కోశం (ఒంటి చుట్టూ గట్టి పొర) కట్టుకుని పడి ఉన్నవి తడి తగిలితే మళ్లీ లేస్తాయి.

మొదటి రెండు రోజులూ డ్రాపర్‌తో పైపై నీళ్లు తీసి చూశాను, ఒక్కటీ లేదు. ఇవి ఎక్కువగా ఈదవు, అడుగును అంటిపెట్టుకుని జారుతూ పోతాయి. అది తెలిశాక కవర్‌స్లిప్ ఒకటి గిన్నె అడుగున రాత్రంతా ఉంచి, నాలుగో రోజు పొద్దున్నే తీసి, కండెన్సర్ కింది డయాఫ్రమ్ (వెలుతురు తగ్గించే తెర) బాగా మూసి 400 రెట్లలో చూశాను. ముందు కశాభం దారి తడుముతున్నట్టు ఊగుతోంది, రెండోది ఒంటికి అంటుకుని వెనకాలే ఈడ్చుకుంటూ వస్తోంది, తోక వైపు నుంచి దారపు పోగుల్లాంటి మిథ్యాపాదాలు (ఒంట్లోంచే సాగే తాత్కాలిక కాళ్లు) సాగి మళ్లీ ఒంట్లో కలిసిపోతున్నాయి. అరగంట కళ్లు తిప్పలేదు!

అమీబాగానూ, కశాభాలతోనూ కనిపించే మరో ఏకకణ జీవి నెగ్లేరియాతో పొరబడకండి. అది అమీబాగా ఉన్నప్పుడే తింటుంది, రెండుగా విడిపోయి పెరుగుతుంది. కశాభాలు మొలిపించుకున్నప్పుడు ఆ రెండూ ఆపేస్తుంది. సెర్కోమోనాస్‌కి ఆ రూపాల మార్పిడి అక్కర్లేదు, కశాభాలుండగానే మిథ్యాపాదాలూ చాస్తుంది. నెగ్లేరియాలో ఫౌలెరీ అనే జాతి వెచ్చటి, ఉప్పులేని నీళ్లలో ఉంటుంది, ముక్కులోంచి వెళ్తే మెదడుకి ప్రాణాపాయం. అందుకే వేసవిలో చెరువులో దిగి నీళ్లు తీయకండి, గట్టు మీద నుంచే ముంచుకోండి.

ఈరోజే ఏదో ఒకటి చూడాలంటే చెరువు అడుగు బురద తెచ్చుకోండి. నాలుగు రోజులు ఆగగలిగితే మట్టే.