ఎనిమిది నెలల్లో మూడు సీసాలు, ఒక డోసింగ్ పంప్

నా రీఫ్ (పగడాలు పెంచే ఉప్పునీటి) ట్యాంక్‌కి ఒకే కంపెనీ మూడు సీసాల సెట్ ఎనిమిది నెలలుగా వాడుతున్నాను. ఒకటి కాల్షియం, ఒకటి కార్బొనేట్, ఒకటి మెగ్నీషియం. వాటిని రోజూ కొలిచి పోసే రెండు చానెళ్ల డోసింగ్ పంప్ కూడా వాళ్లదే. రాళ్లూ ఇసుకా పోగా, ట్యాంక్ కింద ఉండే తొట్టి, అంటే సంప్‌తో కలిపి నా దగ్గర ఉన్న నీళ్లు 180 లీటర్లు. ముందే చెప్పేస్తా: ద్రావణాలు మంచివే, సీసా మీద రాసిన మోతాదు మాత్రం నమ్మకండి.

'100 లీటర్లకు రోజూ 10 మి.లీ. చొప్పున కాల్షియం, కార్బొనేట్ రెండూ పోయండి' అని లేబుల్. నేనూ బుద్ధిగా 18 మి.లీ. పోశాను. అప్పట్లో ట్యాంక్‌లో ఎక్కువగా మెత్తటి పగడాలే, మధ్యలో వేలెడంత ఆక్రోపోరా (గట్టి పగడం) ముక్కలు మూడు. మెత్తటి వాటికి సున్నంతో పెద్దగా పనుండదు. వారం తిరిగేసరికి ఆల్కలినిటీ (నీళ్లలో కార్బొనేట్ ఎంతుందో చెప్పే కొలత, డీకేహెచ్ దాని యూనిట్) 7.8 నుంచి 10.6 డీకేహెచ్‌కి ఎక్కింది. ఆక్రోపోరా కొసలు తెల్లబడ్డాయి. హీటర్ మీద ఏదో తెల్లటి పెచ్చు కట్టింది, గోటితో గీకితే సున్నంలా రాలింది. సున్నంలా ఏమిటి, అది అచ్చంగా కాల్షియం కార్బొనేటే! పగడాలకని పోసింది హీటర్ తాగేసింది.

ఎంత పోయాలన్నది నీళ్లు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి ఉండదు, పగడాలు రోజుకు ఎంత వాడుకుంటాయన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ ఒక్క ముక్క లేబుల్ మీద వేసి ఉంటే నాకు ఆ వారం టెన్షన్ తప్పేది. డోసింగ్ ఆపేసి, నీళ్లు మార్చే తొందర కూడా పడకుండా, దానంతట అదే 8కి దిగేదాకా ఆగాను.

ఇప్పుడు గట్టి పగడాలు పెరిగాయి కాబట్టి లెక్క మళ్లీ మొదటి నుంచి చూసుకున్నాను. రెండు రోజులు డోసింగ్ ఆపి, ఇవాళ ఏ టైముకి టెస్ట్ చేశానో ఎల్లుండి కూడా అదే టైముకి చేశాను. ఆల్కలినిటీ 8.2 కాస్తా 7.4 అయింది, అంటే రోజుకు 0.4. ఈ కార్బొనేట్ 10 మి.లీ. పోస్తే 100 లీటర్లలో 0.5 పెరుగుతుంది. ఆ లెక్కన నాకు రోజుకు 14 మి.లీ. చాలు. లీటరు సీసా 70 రోజులు వస్తోంది.

మరి కాల్షియం సంగతేమిటని అడుగుతారు. ఆల్కలినిటీ 1 డీకేహెచ్ ఖర్చయితే కాల్షియం సుమారు 7 పీపీఎం (పది లక్షల్లో 7 వంతులు) ఖర్చవుతుంది. అంటే నా ట్యాంక్‌లో రెండు రోజులకు తగ్గేది ఆరు కూడా ఉండదు. నా టెస్ట్ కిట్‌లో ఒక్కో చుక్క 10 పీపీఎం. సిరంజితో చుక్కా చుక్కా వేస్తూ పోతే గులాబీ రంగు నీలంగా మారే ముందు కాసేపు ఊదాగా ఊగిసలాడుతుంది. అక్కడ ఆపాలా, ఇంకో చుక్క వేయాలా అన్న అనుమానంలోనే ఆ ఆరూ కలిసిపోతాయి. అందుకే వారానికి రెండుసార్లు ఆల్కలినిటీ చూసి, రెండు సీసాలూ సమానంగా పోస్తాను. కాల్షియం నెలకోసారి చూస్తే సరిపోతోంది, 430 దగ్గర నిలకడగా ఉంది. సముద్రంలో ఉండేది 410, 420 కాబట్టి నాకు దాని మీద బెంగ లేదు.

ఇక పంప్. నాలుగు నెలలు గడియారంలా పనిచేసింది. తర్వాత ఒకసారి పది రోజులు టెస్ట్ చేయకుండా వదిలేస్తే ఆల్కలినిటీ 8.1 ఉండాల్సింది 7.0కి వచ్చింది. కార్బొనేట్ గొట్టం కొసను కొలజాడీలో పెట్టి 14 మి.లీ. వదలమంటే పదే వచ్చాయి. తెరిచి చూస్తే రోలర్లు నొక్కే చోట గొట్టం చదునుగా అతుక్కుపోయి ఉంది. గొట్టం అరగడం ఈ రకం పంపుల్లో మామూలే, దానికి తప్పు పట్టను. కానీ పెట్టెలో విడి గొట్టం లేదు, ఎన్నాళ్లకు మార్చాలో రాయలేదు, విడిగా కావాలని అడిగితే మొత్తం పంప్ హెడ్డే కొనమన్నారు. ఇదెక్కడి న్యాయం?

రెండు గొట్టాల కొసలూ పక్కపక్కన పెట్టకండి. నేను ఒకే క్లిప్‌కి బిగిస్తే మూడో రోజుకే సంప్‌లో పాలు విరిగినట్టు తెల్లటి తునకలు తేలాయి. ఇప్పుడు నీళ్లు జోరుగా తిరిగే చోట దూరదూరంగా పెట్టాను, ఒకదానికీ ఇంకోదానికీ గంట తేడా. కార్బొనేట్‌లో ఎక్కువ వాటా రాత్రి పోయిస్తున్నాను. లైట్లు ఆరాక పీహెచ్ పడిపోతుంది, ఇది దాన్ని కొంచెం ఎత్తి పట్టుకుంటుంది.

లేబుల్ చెప్పని ఇంకో మాట: ఈ రెండూ పోస్తుంటే పగడాలు తీసుకోగా నీళ్లలో మిగిలేది మామూలు ఉప్పే. పదిహేను రోజులకోసారి పదో వంతు నీళ్లు మారుస్తున్నా, నా లవణీయత 35 నుంచి 35.5 దాటింది. ఇప్పుడు మార్చే నీళ్లు కాస్త పలచగా కలుపుతున్నాను.

మెగ్నీషియం సీసా ఇంకా ముప్పాతిక నిండుగానే ఉంది. కాల్షియం, కార్బొనేట్ ఒకదానికొకటి అతుక్కుని రాలిపోకుండా అడ్డుపడేది అదే, కానీ ఖర్చయ్యేది తక్కువ. నీళ్లు మార్చినప్పుడు వచ్చేదే దాదాపు సరిపోయి 1,350 పీపీఎం దగ్గర ఉంటోంది. సెట్‌గా కాకుండా మొదటి రెండే విడిగా అమ్మితే బాగుండేది.

ద్రావణాలకు ఐదులో నాలుగు, పంప్‌కి రెండున్నర. సీసాలు మళ్లీ ఇవే కొంటాను. పంప్ మాత్రం విడి గొట్టాలు దొరికే ఇంకోటి చూస్తున్నాను, అది దొరికేదాకా నెల మొదట్లో కొలజాడీ బయటికి తీయక తప్పదు.