కుందేలును పెంచుకోవాలా? ఏళ్ల తరబడి పెంచాక నా అభిప్రాయం

ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్దు చేయాలనే కోరికతో కుందేలును తెచ్చుకోవాలనుకుంటే వద్దంటాను. నేల మీద కూర్చుని, అదే దగ్గరికి వచ్చేదాకా ఓపిక పట్టగలిగితే మాత్రం తప్పకుండా తెచ్చుకోండి. ఏళ్లుగా ఇంట్లో విడిగా తిరిగే కుందేలుతో ఉంటున్నాను. ఎవరడిగినా ముందు ఈ మాటే చెబుతాను.

పైకి ఎత్తగానే కుందేలుకు గద్ద తన్నుకుపోతున్నంత భయం. గింజుకుని వెనక కాళ్లతో బలంగా తంతుంది. ఆ విసురుకు దాని వెన్నెముకే విరగొచ్చు. అందుకే చిన్నపిల్లల చేతికి అస్సలు ఇవ్వను, పక్కన కూర్చోమంటాను. నమ్మకం కుదిరాక అది చూపే ప్రేమ వేరే రకం. నేను చాప మీద పడుకుంటే వచ్చి నా అరచేతి కింద తల దూర్చి నేలకు ఆనించేస్తుంది, నుదురు నిమరమని. నిమురుతుంటే పళ్లు సన్నగా నూరుతుంది. ఆ చప్పుడు చెవికి వినిపించడం కన్నా దవడ మీద పెట్టిన వేలికే ఎక్కువ తెలుస్తుంది. అదే గట్టిగా కొరుకుతూ ముడుచుకుని కూర్చుంటే నొప్పి అని అర్థం.

తిండి విషయంలో రాజీ లేదు. క్యారెట్లో తీపి ఎక్కువ, ఎప్పుడైనా చిన్న ముక్క చాలు. రోజువారీ తిండిలో ఎనభై శాతం పైగా ఎండుగడ్డే ఉండాలి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డిని అడ్డంగా నమిలితేనే దవడపళ్లు అరుగుతాయి. పేగుల కదలిక కూడా ఆ పీచు మీదే ఆధారపడి ఉంటుంది.

పొద్దున లేవగానే నేను చూసేది, అది దొడ్డికి వెళ్లే ట్రేలో పెంటికలు. గుండ్రంగా, ఒకే సైజులో, పీచుపీచుగా ఉంటే బాగున్నట్టే. చిన్నవై పోయినా, వెంట్రుకతో దండలా గుచ్చుకుని వచ్చినా ఆ రోజు జాగ్రత్త పడతాను. ఒక సాయంత్రం కొత్తిమీర ముక్కు దగ్గర పెట్టినా మొహం తిప్పేసుకుంది. కుందేలు పది పన్నెండు గంటలు తినకపోయినా, పెంటికలు వేయకపోయినా ప్రాణం మీదికొస్తుంది, తెల్లారేదాకా ఆగే పని కాదు. ఆ రాత్రే డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. సెలైన్, నొప్పి మందు ఇచ్చారు. తర్వాత సిరంజీతో మెత్తని మేత బుగ్గ పక్కనుంచి కొద్దికొద్దిగా పట్టించాం. తెల్లవారుజామున ట్రేలో ఒక్క పెంటిక కనబడితే ఇంటిల్లిపాదీ లేచి వచ్చి చూశాం!

అందుకే కుందేలు కన్నా ముందు డాక్టరును వెతుక్కోండి. కుక్కలకు, పిల్లులకు మామూలుగా రాసే అమాక్సిసిలిన్ లాంటి మందు నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి ప్రాణమే పోవచ్చు. కుందేళ్లకు వైద్యం చేసిన అనుభవం ఉన్నవారే కావాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా తప్పనిసరి అంటాను. చేయించని ఆడవాటికి వయసు పెరిగేకొద్దీ గర్భాశయ క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ. ఆపరేషన్ అయ్యాక ట్రే అలవాటూ బాగా కుదురుతుంది. కుందేలు ఒంటరిగా ఉండటానికి ఇష్టపడదు, జత ఉంటే మంచిది. కానీ ఆపరేషన్ లేకుండా ఆడా మగా కలిపి ఉంచితే నెల రోజుల్లో పిల్లలు పుట్టడం ఖాయం.

వైర్లు కొరుకుతుంది. గోడ పొడవునా వైర్లన్నీ గట్టి గొట్టాల్లో దూర్చేశాం. వేడి తట్టుకోలేదు. దానికి చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల నుంచే పోవాలి. ముప్పై డిగ్రీలు దాటాయంటే గది చల్లగా ఉంచి, గడ్డకట్టిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెడతాం. స్నానం మాత్రం చేయించకూడదు, భయానికే కుప్పకూలిపోవచ్చు. ఇంట్లో ఎవరికైనా గడ్డి దుమ్ము పడకపోతే ముందే ఆలోచించుకోండి.

తెల్లవారుజామున, సంధ్యవేళ అది హుషారుగా ఉంటుంది, మధ్యాహ్నమంతా నిద్రే. పగలు పనికి వెళ్లొచ్చే వాళ్లకు ఇది బాగా కలిసొస్తుంది. ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది కాబట్టి ఊరెళ్లినప్పుడు ఎవరు చూసుకుంటారో ఇప్పుడే తేల్చుకోవాలి.

ఇంకా ఎటూ తేలకపోతే, కుందేలున్న ఇంటికి వెళ్లి ఒక సాయంత్రం నేల మీద కూర్చుని చూడండి. తెచ్చుకోవాలనే అనిపిస్తే పిల్ల కన్నా ఆపరేషన్ అయిన పెద్దదాన్ని, వీలైతే ఎవరో వదిలేసినదాన్ని దత్తత తీసుకోండి. దాని స్వభావం ఏమిటో ముందే తెలుస్తుంది.